ఎనభై నాలుగు నాటి ఎండ

అచ్చిబాబు గారు మనుషుల్ని పేర్లతో గుర్తుపెట్టుకోరు. వెలుగు ఎటు నుంచి పడితే ఎవరి మొహం బాగుంటుందో, దాన్నిబట్టి గుర్తుపెట్టుకుంటారు. కొవ్వూరు బజార్లో ఎవరైనా నమస్కారం పెడితే ఒక క్షణం తేరిపార చూసి, "మీరు ఎడమ చెంప కదండీ" అంటారు. మండలాఫీసు గుమస్తా ఒకాయన ఆ మాట విని గబుక్కున చెంప తడుముకోవడం నేను చూశాను.

ఆయనది పెనుగొండ పక్కన పల్లెటూరు. నాలుగెకరాల వరి చేను, ఇద్దరన్నలు. నాట్ల ముందు చేలో నీళ్ళు పెట్టి తండ్రి దమ్ము చేస్తుంటే ఈయన గట్టు మీద కూర్చుని ఆ నీళ్ళలో మబ్బు కదలడం చూసేవారట. చూడ్డానికి కూలి ఇవ్వరని తండ్రి ఒకరోజు ముల్లుగర్ర విసిరాడు. పదహారో ఏట రాజమండ్రి వెళ్ళి ఒక స్టూడియోలో చేరారు. మొదటి రెండేళ్ళూ ఫోటోలు కడగడమే పని. డెబ్బై ఆరులో గోదావరి ఇవతలికి వచ్చి, కొవ్వూరు స్టేషన్ దగ్గరి సందులో ఒక పెంకుటింట్లో సొంత స్టూడియో పెట్టారు. ముందు గది ఆఫీసు, వెనక పెరడు స్టూడియో. కరెంటుని నమ్మేవారు కాదు. పెరట్లో తెర కట్టి సాయంత్రం నాలుగు గంటల ఎండలో తీసేవారు. నాలుగింటికి రాలేనన్నవాళ్ళని రేపు రమ్మనేవారు. అందుకే ఆయన బాగుపడలేదని బావమరుదులంటారు.

నేను ఆయన్ని ఎరిగేనాటికి రెండువేల నాలుగు. అప్పటికి ఆయనకి యాభై దాటాయి. ముందు గది నాకు అద్దెకిచ్చారు. అందులో ఒక కంప్యూటరు, స్కానరు, ప్రింటరు పెట్టుకుని నేను శుభలేఖలు కొట్టేవాణ్ణి. ఊళ్ళో అందరికీ ఒకటే వినాయకుడు, అవే నాలుగు వాక్యాలు. పేర్లు మార్చి ఇచ్చేసి, మిగతా పొద్దంతా లైబ్రరీ పుస్తకాలు చదువుకునేవాణ్ణి. చదివినకొద్దీ ఊరు ఇరుకైపోయేది. అచ్చిబాబు గారు మాత్రం ఈ ఇరుకు సందులో ఇంకా చూడాల్సింది బోలెడుందన్నట్టు గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఎదుటి గోడ మీద ఎండ జరగడం చూస్తూ కూర్చునేవారు. నాకు ఒళ్ళు మండేది.

అట్లతద్దె వెళ్ళిన వారానికి ఒక మధ్యాహ్నం వీరవేణి వచ్చింది. గోదావరి గట్టున ఉండే కుటుంబం వాళ్ళది. భర్త పడవ మీద వేటకి వెళ్తాడు, ఈవిడ చేపలు అమ్ముతుంది. తల్లి లోవమ్మ ఈవిడ దగ్గరే ఉంటుంది.

"అచ్చిబాబు గారండీ, ఒక అబద్ధం చేసిపెట్టాలండి," అంది.

"నా దగ్గర ఫోటోలేగా దొరుకుతాయి?"

"ఫోటోలాంటి అబద్ధమేనండి."

గుమ్మంలో కూలబడి చెప్పింది. వాళ్ళ అక్క సూర్యకళ ఎనభై అయిదు కార్తీకంలో కామెర్లొచ్చి పోయింది. పెళ్ళి కాలేదు, పంతొమ్మిదేళ్ళు. అంతకు ముందు ఏడాది అట్లతద్దె నాడు లంగా ఓణీ వేసుకుని ఇదే పెరట్లో కలర్ ఫోటో దిగింది. బతుకులో దిగింది ఆ ఒక్కటే. ఎనభై ఆరు వరదకి గట్టున ఇళ్ళతో పాటు ఆ ఫోటో కూడా కొట్టుకుపోయింది. స్టూడియోలోకి మొలలోతు నీళ్ళొచ్చి, బీరువాలోని నెగటివ్‌లన్నీ బురద ముద్దయ్యాయి.

"అమ్మకి అక్క మొహం పోతోందంటండి," అంది వీరవేణి. "కూర్చున్నచోటే కళ్ళు మూసుకుని వెతుక్కుంటుంది. ముక్కు వస్తే కళ్ళు రావట్లేదే, కళ్ళు వస్తే నోరు జారిపోతోందే అంటుంది. నా కూతురి మొహం నేనే పోగొట్టుకుంటే ఇంకెవరి దగ్గరుంటుందే అని ఒకటే ఏడుపు."

అచ్చిబాబు గారు కుర్చీ ఆవిడ వైపు తిప్పుకున్నారు.

"మా అమ్మాయి హారతి అచ్చు అక్కలాగే ఉంటుందని అమ్మే అంటుందండి. దాన్ని లంగా ఓణీలో కూర్చోబెట్టి పాత ఫోటోలా తీసి, పాత నెగటివ్ దొరికిందని చెప్పి ఇస్తారేమోనని. కంప్యూటర్లో పాతబరిచేస్తారంట కదండీ. కార్తీకంలో అక్క పోయిన రోజు వస్తుంది. ఒక్కసారి ఫోటోకి దండేసి దణ్ణం పెట్టుకుంటే అమ్మ మనసు కుదుటపడుతుందండి."

పాతబరచడం పెద్ద పనేం కాదని నేను అన్నాను. నాకది అరగంట పని. ఆయన నావైపు చూడలేదు.

"ఓణీ ఏ రంగో గుర్తుందా అమ్మా?" అన్నారు.

"చిలకాకుపచ్చండి."

"కాదు. లేత అరిటాకు. లంగా వంకాయ రంగు, అంచు లేదు."

లోపల్నుంచి ఆయన భార్య సత్యవాణి గారు అన్నారు: "పొద్దున్న పాల ప్యాకెట్ తెమ్మన్నది గుర్తుండదు గాని, ఇరవై ఏళ్ళ కిందటి ఓణీ రంగు మాత్రం గుర్తుంటుందండి ఈయనకి."

"పాలదేం రంగు, గుర్తుండ్డానికి," అన్నారాయన. ఒప్పుకున్నారని మాకు అలా తెలిసింది.

ఆ ఆదివారం హారతి వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం. అటక మీద మిగిలిన పాత తెర దించి కట్టాం. మేడ పిట్టగోడ, వెనక కొబ్బరిచెట్లు, పగలే చందమామ. తెర ముందు ముక్కాలిపీట.

"పెద్దమ్మలా కూర్చోమంటే ఎలాగండి? నేను ఆవిణ్ణి చూళ్ళేదు కదా," అంది హారతి.

"నీలాగే కూర్చో. కాస్త భయపడు, చాలు. అప్పట్లో మనిషికి ఒక్కటే ఫిల్ము ముక్క. కన్నార్పితే ఆ ఏడాదికంతే. అందుకని నవ్వు కూడా సగం దాచుకుని నవ్వేవాళ్ళు."

"సగం అంటే ఎంతండి?"

"అదిగో, ఇప్పుడు ఆపుకున్నావే, అంత."

డిజిటల్ కెమెరాతో తీశారు. కంప్యూటర్లో పెట్టి చూస్తే, తెర పాతదైనా, ఓణీ సరైన రంగుదే అయినా, బొమ్మ నిన్నటిదిలా ఉంది. ప్రతి వెంట్రుకా లెక్కపెట్టేలా కనబడుతోంది. నేను నా అరగంట పని చేసి చూపించాను. మొత్తం ఎర్రమట్టి రంగు పట్టించి, అంచుల్లో మాపి, పైన రెండు గీతలు పెట్టాను.

ఆయన చాలాసేపు చూశారు. "శివా, ఇది ఇరవై ఏళ్ళు గోడకి వేలాడిన ఫోటో రంగు. కదా?"

"పాతదంటే అంతేగా అండి."

"ఆ పిల్ల ఫోటో గోడ మీద నిండా రెండేళ్ళు లేదు. అది వెలవలేదు. లోవమ్మ వెలిసిన ఫోటోని ఎప్పుడూ చూళ్ళేదు. ఆవిడ చూసింది కొత్త ఫోటోనే. నువ్వు నాకు ఎనభై నాలుగులో కొత్తగా ఉన్న రంగు తియ్యాలి."

కంప్యూటర్లో పాత రంగుంటుంది, కొత్త రంగుంటుంది. ఒకప్పటి కొత్త రంగు అని ఏదీ ఉండదు.

ఆ మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవారు. ఆయనకి మౌసు పట్టుకోవడం రాదు. నోటితో చెప్పేవారు, నేను రంగుల గీతలు పైకీ కిందకీ లాగేవాణ్ణి. జడ అంత నల్లగా ఉండకూడదు, తడిసిన చింతపిక్కలా ఉండాలనేవారు. చందమామ తెలుపులో తెలుపు తీసెయ్యమనేవారు. జున్నులో ఉండే తెలుపు కావాలి. మెడ కింద నీడలో కాస్త నీలం పొయ్యి. అంత కాదు, రేవులో నీళ్ళకి పొద్దున్నే ఉండేటంత. ఓణీ పచ్చ కొంచెం అలిసిపోవాలి. ఎరుపు మాత్రం అలిసిపోకూడదు, ఆ ఫిల్ముకి ఎరుపంటే మహా ఇష్టం, బొట్టు చూడు, దాన్ని వదిలెయ్యి. చెంపల మీద ఇసక చల్లు. ముతకది కాదు, వరద తీశాక మెట్ల మీద మిగిలే సన్న ఇసక.

వింటూ వింటూ నాకు నిద్రలోకి జారుతున్నట్టుండేది. బయట సందులో సైకిళ్ళ గంటలు, రైలు బ్రిడ్జి ఎక్కుతున్న చప్పుడు ఎక్కడో లోతులోంచి వినబడేవి. కంప్యూటర్ తెర మీద ఆ పిల్ల మొహం రోజురోజుకీ వెనక్కి వెళ్ళిపోయింది. నాలుగో రోజుకి ఆమె నేను పుట్టిన ఏటి పిల్లలా కనబడింది. అప్పుడే నడిచొచ్చి కూర్చున్నట్టుంది. ఎప్పుడో వెళ్ళిపోయినట్టూ ఉంది. నేను శుభలేఖలు ముట్టుకోవడం మానేశాను.

ఆయనకి మాత్రం తృప్తి లేదు. "అన్నీ వచ్చాయి. ఎండ రాలేదు," అనేవారు. ఏం ఎండ అంటే చెప్పలేకపోయేవారు. పసుపు పెంచితే కామెర్లొచ్చినట్టుందనేవారు, ఆ మాటకి తనే నాలిక కరుచుకునేవారు.

అయిదో రోజు టీ గ్లాసులు పెడుతూ సత్యవాణి గారు అన్నారు. "పంచె సంగతి చెప్పారా అబ్బాయికి?"

"ఏ పంచె?"

"ఏ పంచెంటారేంటండి. మా నాన్న పెట్టిన మధుపర్కాల పంచె. పెళ్ళి పీటల మీద ఒక్కరోజు కట్టుకున్నారు. తర్వాత వరదొచ్చేదాకా పెరట్లో ఎండే కట్టుకుంది."

ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. అప్పుడు తెలిసింది. ఎండ సూటిగా పడితే మొహాలు గట్టిపడతాయని, కూర్చునేవాళ్ళ నెత్తిన ఒక పంచె పందిరిలా కట్టేవారు. పెళ్ళిలో పసుపు నీళ్ళలో ముంచిన పంచె అది, ఎన్ని ఉతుకులుతికినా ఆ ఛాయ పోలేదు. అచ్చిబాబు స్టూడియోలో దిగితే మొహానికి పసిమి వస్తుందని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పెళ్ళిచూపుల ఫోటోలకి వచ్చేవాళ్ళు. ఫిల్ము గొప్పదనుకునేవారంతా. ఏళ్ళు గడిచి ఆయన కూడా అలాగే అనుకున్నారు.

సత్యవాణి గారు బిందెడు నీళ్ళలో పసుపు కలిపి ఒక పాత పంచె ముంచారు. నాలుగింటికి దాన్ని పెరట్లో కట్టారు. హారతిని మళ్ళీ పిలుద్దామా అన్నాను.

"అక్కర్లేదు. నువ్వు చెయ్యి పెట్టు," అన్నారు.

పంచె కింద చెయ్యి చాపాను.

"చూశావా? చూసుకుని పరుగెత్తి వెళ్ళి ఆ పిల్ల మొహానికి వెయ్యి. మర్చిపోతే మళ్ళీ రా."

నేను చెయ్యి చూసుకుని లోపలికి పరుగెత్తాను. మౌసు పట్టుకునేలోగా మర్చిపోయాను. మళ్ళీ వెళ్ళాను. పదిసార్లు తిరిగుంటాను. పెరట్లో ఆ పంచె కింద గాలి కూడా తేనెలా చిక్కబడినట్టుంది. ఎండ బట్టలోంచి వడకట్టుకుని దిగుతోంది. నా చెయ్యి, ఎప్పుడూ మెచ్చుకోదగ్గదేం కాదు, ఎవరో జాగ్రత్తగా దాచుకున్న వస్తువులా కనబడింది. అందరినీ ఇలా చూసే మనిషికి ఊరు ఇరుకెందుకవుతుందనిపించింది. పంచె నీడ గోడెక్కేసరికి పసుపు పని అయిపోయింది. పసుపు వేసినట్టు తెలియకుండా వేశాను.

అచ్చిబాబు గారు కంప్యూటర్ ముందు కూర్చున్నారు. "నాలుగుంపావు," అన్నారు.

మర్నాడు ఆయన ఆ బొమ్మని సీడీలో పెట్టుకుని రైల్లో రాజమండ్రి వెళ్ళి కలర్ ల్యాబ్‌లో మెరుపులేని కాగితం మీద వేయించుకొచ్చారు. ఒక రోజు పోయాక, సూర్యకళ రోజు ఇంకా మూడు రోజులుందనగా, సందు చివర ఫ్రేములు కట్టే ఆశీర్వాదాన్ని మా గదికే పిలిచాం. వీరవేణి, హారతి కూడా వచ్చారు. ఫోటో చూసి వీరవేణి కొంగు నోట్లో కుక్కుకుంది.

"అక్కేనండి," అంది. "నేను తొమ్మిదో క్లాసులో ఉన్నప్పటి అక్క."

"నేను ఇంత బాగుంటానా?" అంది హారతి. "దీన్ని నాకూ ఒకటివ్వండి, మా కాలేజీలో చూపిస్తాను."

ఆశీర్వాదం టేపుతో కొలుస్తూ, తలెత్తకుండా, రోజూ అందరినీ అడిగేదే అడిగాడు. "దండకి మేకు పైన కొట్టమంటారా, రెండు పక్కలా కొట్టమంటారా? దీపం బల్బు పెట్టించుకుంటారా అండి?"

వీరవేణి కూతురి వైపు చూసింది, ఫోటో వైపు చూసింది. పది రోజులుగా మేమందరం ఆ బొమ్మ చుట్టూ తిరిగాం. దండ సంగతి మొదటిరోజే ఆవిడే అంది. బతికున్న పిల్ల ఫోటోకి దండ వేయించబోతున్నామని ఒక్కరికీ తట్టలేదు. శత్రువు ఫోటోకైనా ఎవరూ చెయ్యని పని అది.

"నాకు దండేస్తారా?" అంది హారతి. నవ్వబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది.

"వద్దండి," అంది వీరవేణి. "చించెయ్యండి. ఇక్కడే చించెయ్యండి. నాకు బుద్ధి లేదు."

ఆవిడ లాక్కుంటే కాగితం మూల నలిగింది. అచ్చిబాబు గారు వదల్లేదు. "లోవమ్మకి నెగటివ్ దొరికిందని చెప్పేశావు కదమ్మా," అన్నారు.

"చెప్పానండి. మూడు రోజుల్నుంచి ఆ మాటే తింటోంది, ఆ మాటే తాగుతోంది. ఏం చెప్పను ఇప్పుడు?"

చెప్పే అవసరం రాలేదు. గుమ్మంలో లోవమ్మ నిలబడి ఉంది. ఆగలేక గట్టు నుంచి నడిచొచ్చేసింది. డెబ్బై ఏళ్ళ మనిషి. గుమ్మం పట్టుకుని ఆయాసం తీర్చుకుంటూ, "ఏది బాబూ?" అంది.

దాచడానికి చోటు లేదు. అచ్చిబాబు గారు ఫోటో ఆవిడ చేతికిచ్చారు.

ఆవిడ కిటికీ దగ్గరికి వెళ్ళింది. దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. బొటనవేలితో ఫోటోలోని చెంప నిమిరింది. వీరవేణి గోడకి తిరిగిపోయింది. నేను కీబోర్డు చూస్తూ కూర్చున్నాను.

"ఇది మన హారతి," అంది లోవమ్మ.

"అమ్మమ్మా..."

"నాకు చూపు తగ్గింది గాని పోలేదే. దీని చెవి చూడు, ఎలా అతుక్కుని ఉందో. దాని కుడి చెవి ముందుకుండేది. అందుకే జుట్టు కప్పుకునేది." వేలు కిందికి జరిగింది. "ముక్కు ఇంత సూది కాదు. మొన కాస్త దొర్లినట్టుండేది, వాళ్ళ నాన్న ముక్కు. పై పెదవి పొట్టి. నోరు మూసుకున్నా రెండు పళ్ళు కనబడేవి, ఎండిపోతాయే అనేదాన్ని. ఇక్కడ, కనుబొమ్మ దగ్గర, చీడీ మెట్ల మీంచి పడ్డ మచ్చ..."

సూర్యకళవి కాని వాటినన్నిటినీ ఒక్కొక్కటే చూపిస్తూ పోయింది. చూపిస్తూ చూపిస్తూ ఆగింది. కళ్ళు మూసుకుంది.

"వచ్చేసిందే వేణీ," అంది మెల్లగా. "మొత్తం వచ్చేసింది."

వీరవేణి వచ్చి తల్లి భుజం పట్టుకుంది. లోవమ్మ కళ్ళు తెరవకుండా అలాగే నిలబడింది, నిండు బిందె దించుకుంటున్న మనిషిలా. తెరిచాక అచ్చిబాబు గారి వైపు తిరిగింది.

"మనిషిని మార్చావు గాని బాబూ, ఎండ మాత్రం ఆ రోజుదే. నా ముందే దాని నెత్తిన పసుపు గుడ్డ కట్టావు. ఇంటికొచ్చాక కూడా దాని మొహం పచ్చగానే ఉందనిపించింది నాకు."

"మోసం చెయ్యబోయాను లోవమ్మా," అన్నారాయన.

"చేస్తే చేశావులే. దాని మొహం మళ్ళీ పోతుందేమోనని నా భయం." ఫోటో ఆయన చేతికిచ్చింది. "ఈ పిల్లకి దండ నేను వెయ్యను. పిల్లని ఇందులోంచి తీసెయ్యి. ఎండ ఉంచు, తెర ఉంచు, పీట ఉంచు. నా కూతుర్ని నేను కూర్చోబెట్టుకుంటాను." హారతి చెంప మీద చిన్నగా కొట్టింది. "లేచి ఇవతలికి రావే."

అచ్చిబాబు గారు నావైపు చూశారు. నేను కంప్యూటర్ తెరిచాను. లోవమ్మ నా పక్కన బల్ల మీద కూర్చుంది. ముందు పాదాలు తీశాను, తరవాత వంకాయ రంగు లంగా. వెనక తెర మీది పిట్టగోడ గీతలు తెచ్చి ఓణీ ఉన్నచోట అతికాను. కొబ్బరాకులు తెచ్చి జడ మీద వేశాను. మొహం చివరికి మిగిలింది. తియ్యమంటారా అని అడిగాను. తియ్యి నాయనా అంది ఆవిడ. తీశాను. పగటి చందమామ, పిట్టగోడ, నాలుగుంపావు ఎండలో ముక్కాలిపీట మిగిలాయి.

అచ్చిబాబు గారు ముందుకు వంగారు. "పీట మీద వెలుగు ఎక్కువైంది శివా. అక్కడ ఆ పిల్ల నీడ ఉండాలి. కొంచెం తగ్గించు."

నేను మౌసు కదిపాను.

"ఉండనీ బాబూ," అంది లోవమ్మ. "మనిషి లేచి వెళ్ళాక అక్కడ ఎండ పడదా."

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.